పలువరుసను దిద్దు తీగె

"డాక్టరుగారూ, కాస్త గట్టిగా బిగించండి. నొప్పంటారా, మా అమ్మాయి ఓర్చుకుంటుంది. వచ్చే మాఘమాసానికల్లా క్లిప్పులు తీసేస్తే చాలండి మాకు" అని కోనసీమనుండి వచ్చిన ఒక తల్లి నన్ను అడిగినది. ఆమె కుమార్తెకు 20 ఏండ్లు. పైవరుసలో కోరపన్ను ఒకటి తనకు చోటు చాలక, చిగురులో చాల ఎత్తున మొలిచి, పెదవి కదలినప్పుడెల్ల బయటికి కనబడుచుండెను. నవ్వు వచ్చినప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనుట ఆ పిల్లకు చిన్ననాటినుండి అలవాటైపోయినది. పెండ్లిచూపులు మొదలు కాకముందే పలువరుస చక్కబడవలెనని తల్లి ఆరాటము.

ఆమె కోరికలో అవివేకమేమియు లేదు. నులకమంచము బిగించునప్పుడును, బండిమీద గడ్డిమోపులకు మోకు బిగించునప్పుడును, ఎంత బలముగా లాగిన పని అంత బాగుగా జరుగునని మనకందరకు అనుభవమే. పంటి విషయమున మాత్రము ఈ అనుభవము తలక్రిందులగుచున్నది. నేడు భీమవరములోని విష్ణు దంతవైద్య కళాశాలయందును, రాజమహేంద్రవరమునకు చేరువ రాజానగరము వద్దనున్న జి.ఎస్.ఎల్. దంతవైద్య కళాశాలయందును, పలువరుసను సరిచేయు వైద్యము, అనగా ఆర్థోడాంటిక్సు, నేర్పబడుచున్నది. డెల్టా పట్టణములలో ఈ వైద్యము చేయువారు పలువురు కలరు. క్లిప్పులు పెట్టుకొన్న పిల్లలు మన వీధులలో కనబడుట ఇప్పుడు వింత కాదు. అయినను ఆ క్లిప్పులగుండా సాగిపోవు సన్నని తీగె ఎట్టిదో, అది ఎట్లు పనిచేయునో ఎరిగిన తల్లిదండ్రులు మాత్రము అరుదు. దానిని గూర్చియే ఈ ప్రసంగము.

ముందుగా పన్ను ఎట్లు కదలునో చెప్పవలెను. పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడి యుండదు. పంటిమూలమునకును దవడ ఎముకకును నడుమ ఒక పలుచని నారపొర కలదు. దాని మందము సుమారు ఒక మిల్లీమీటరులో నాలుగవ వంతు. ఆ పొరలో సన్నని రక్తనాళములు, జీవకణములు ఉండును. పంటిని ఒక ప్రక్కకు మెల్లగా నెట్టుచుండినచో, నెట్టిన దిక్కున నారపొర కొంచెము నొక్కబడును. ఆ ఒత్తిడిని గ్రహించి కొన్ని కణములు ఆ వైపు ఎముకను కొద్దికొద్దిగా కరగించును. వెనుకవైపున మరికొన్ని కణములు క్రొత్త ఎముకను కట్టుచు వచ్చును. ఈవిధముగా పన్ను తన గూటితోకూడ నడచును. ఆ నడక వేగము సామాన్యముగా నెలకు ఒక మిల్లీమీటరు ప్రాంతము.

మరి బలము ఎక్కువైనచో ఏమగును? నారపొర పూర్తిగా నలిగి, దానిలోని రక్తనాళములు మూసికొనిపోవును. రక్తము అందక అక్కడి కణములు చచ్చును. ఎముకను కరగించవలసిన పనివారే లేకపోగా పన్ను కదలుట మానివేయును. శరీరము ఆ చచ్చిన భాగమును ప్రక్కనుండి తొలగించుకొనుటకు వారములు పట్టును. అంతవరకును పిల్లకు నొప్పియే మిగులునుగాని పంటికి నడక ఉండదు. అంతకంటె కీడు మరియొకటి కలదు. అధికబలమునకు పంటిమూలము కొనయే అరిగి పొట్టిది కావచ్చును. అరిగిన మూలము తిరిగి పెరుగదు. ఒక చిన్న పంటిని ప్రక్కకు వాల్చుటకు కావలసిన బలము 50 గ్రాముల బరువు ప్రాంతముననే యుండును. అరచేతిలో ఒక కోడిగ్రుడ్డు పెట్టుకొన్నచో తెలియు బరువు అంతియే. అట్టి కొద్దిపాటి బలము ఎడతెగక అందుచుండుటయే పంటికి కావలసినది.

కొద్దిపాటి బలము, అదియు ఎడతెగనిది. ఈ రెండును ఒక్కచోట కుదురుట వైద్యులకు చిరకాలము కష్టముగా నుండెను. తొలుత బంగారు మిశ్రలోహపు తీగెలు వాడుకలో నుండెను. 1930 దశకము తరువాత స్టెయిన్‌లెస్ స్టీలు తీగెలు క్రమముగా వాటి స్థానము నాక్రమించినవి. స్టీలు మంచి లోహమే. కాని దానికొక స్వభావము కలదు. దానిని ఎంత వంచిన అంత బలముగా అది ఎదురు తిరుగును. రెట్టింపు వంచినచో బలము రెట్టింపగును. 17వ శతాబ్దిలో రాబర్టు హుక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు చెప్పిన నియమమిది. వంకరగా నున్న పంటికి స్టీలుతీగెను కట్టిన మొదటి దినమున బలము మితిమీరి యుండును. పన్ను ఒక్క మిల్లీమీటరు కదలగానే ఆ బలము చాలవరకు పడిపోవును. పైగా దానిని నూటికి ఒక పాలుకంటె ఎక్కువ సాగదీసినచో అది వంగినచోటనే ఉండిపోవును, మరల తిన్నన కాదు. ఈ చిక్కును తప్పించుకొనుటకు మా పూర్వులు తీగెలో ఉచ్చులవలె మెలికలు చుట్టి, దాని నిడివి పెంచి, మెత్తదనము తెచ్చెడివారు. నెలకు ఒకసారి విప్పుట, మరల వంచుట, మరల కట్టుట జరుగుచుండెడిది. ఆ మెలికలలో అన్నము మెతుకులు ఇరుకుకొని పిల్లలు పడిన అవస్థ వేరే చెప్పనక్కరలేదు.

ఈ చిక్కునకు విరుగుడు దంతవైద్యులు వెదకినచోట దొరకలేదు. యుద్ధనౌకల ఆయుధములను పరిశోధించు ఒక ప్రయోగశాలలో దొరకినది. అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున నౌకాదళపు ఆయుధ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ అను లోహశాస్త్రజ్ఞుడు, క్షిపణుల ముక్కుభాగమునకు వేడిని తట్టుకొను లోహము కావలెనని పలు మిశ్రమములను పరీక్షించుచుండెను. 1959లో ఆయన దృష్టి నికెలు, టైటానియముల మిశ్రమముమీద నిలిచినది. నికెలు మనము ఎరుగనిది కాదు. ఒకప్పుడు మన రూపాయి నాణెములు నికెలుతోనే ముద్రింపబడెడివి. టైటానియము కూడ మనకు పరాయిది కాదు. భీమునిపట్టణమువంటి మన సముద్రతీరములందలి నల్లయిసుకలో కనబడు ఇల్మనైటు దాని ఖనిజమే. ఈ రెండు లోహముల పరమాణువులును ఇంచుమించు సమసంఖ్యలో కలిసిన మిశ్రమమది. తూకమున చూచినచో నికెలు 55 పాళ్ళు, టైటానియము 45 పాళ్ళు.

ఆ లోహపు గుట్టును మొదట బయటపెట్టినది శబ్దము. బ్యూలర్ కరగించి పోసిన కడ్డీలు కొన్ని చల్లారినవి, కొన్ని ఇంకను వెచ్చగా నున్నవి. చల్లారిన కడ్డీని నేలమీద పడవేయగా సీసపుముద్దవలె దబ్బుమని పడినది. వెచ్చని కడ్డీని పడవేయగా గుడిగంటవలె ఖంగున మ్రోగినది. ఒకే మూసలోని లోహము రెండు విధములుగా పలుకుటేమని ఆయన ఆశ్చర్యపడి, మ్రోగిన కడ్డీని చల్లని నీటిలో ముంచి మరల పడవేసెను. ఈమారు అది మూగవోయినది. మరుగునీటిలో వేడిచేయగా తిరిగి గంటవలె పలికినది. కడ్డీ ఘనరూపముననే యున్నది, కరగలేదు. అయినను దానిలోపల ఏదియో అమరిక మారుచున్నదని ఆయన గ్రహించెను.

కొంతకాలమునకు అదే పరిశోధనశాలలో అధికారుల సమావేశమొకటి జరిగెను. ఈ మిశ్రలోహపు పలుచని పట్టీని మడతలు మడతలుగా ముడిచి, అది ఎన్నిమారులు వంచినను విరుగదని చూపుటకై అందరి చేతులకు ఇచ్చుచుండిరి. డేవిడ్ మజీ అను అధికారి, దీనిని వేడిచేసినచో ఏమగునో చూతమని, తన చుట్టగొట్టమును వెలిగించుకొను లైటరును దానిక్రింద పట్టెను. చూచువారందరు నివ్వెరపోవునట్లు మడతలన్నియు వాటంతట అవియే విచ్చుకొని పట్టీ తిన్నగా సాగినది. ఆ లోహము తన పూర్వాకృతిని జ్ఞాపకముంచుకొన్నట్లు అందరకు తోచినది. నికెలు, టైటానియము, ఆ పరిశోధనశాల, ఈ మూడింటి పేర్ల తొలి అక్షరములను కూర్చి దానికి నిటినాల్ అని పేరు పెట్టిరి.

లోహమునకు జ్ఞాపకమెక్కడిది? ఈ లోహములో పరమాణువులు రెండు విధములుగా వరుసలు తీరగలవు. వేడిలో వాటి అమరిక నలుచదరపు గదులవలె నిటారుగా నుండును. దీనిని ఆస్టెనైటు అందురు. ఖంగుమన్నది ఇదియే. చల్లబడినప్పుడు ఆ గదులు ఒక ప్రక్కకు ఒరగును. దీనిని మార్టెన్‌సైటు అందురు. దబ్బుమన్నది ఇది. ఒరుగుటలో ఒక వరుస ఎడమకును, ప్రక్క వరుస కుడికిని వాలును. కాబట్టి పైకి చూచుటకు ఆకారములో మార్పు కనబడదు. హార్మోనియపు తిత్తిని తలచుకొనుడు. దాని మడతలు ఒకటి ఇటు, ఒకటి అటు వాలి యుండును. తిత్తిని లాగినప్పుడు తోలు సాగదు, చిరుగదు. మడతల వాలు మాత్రము మారును. అట్లే మెత్తని స్థితిలోనున్న ఈ లోహమును వంచినప్పుడు పరమాణువుల బంధములు తెగవు. అటు వాలిన వరుసలు ఇటు వాలును, అంతియే. వేడి తగులగానే అన్నియు తిరిగి నిటారుగా నిలుచును. నిటారుగా నిలుచుటకు త్రోవ ఒక్కటియే గనుక పాత ఆకృతి తప్పక తిరిగి వచ్చును. స్టీలును అతిగా వంచినప్పుడు వరుసలు ఒకదానిమీదనుండి ఒకటి జారి క్రొత్తచోట స్థిరపడును. దానికి తిరిగివచ్చు త్రోవ లేదు.

ఇక మా వైద్యమునకు ముఖ్యమైన విషయము చెప్పెదను. ఈ మార్పును వేడి, చలువ మాత్రమే కాక బలము కూడ తేగలదు. నోటివెచ్చదనమున నిటారు స్థితిలోనుండు తీగెను వంచుడు. మొదట అది స్టీలువలెనే ఎదురు తిరుగుచు బలము పెంచుకొనును. ఒక హద్దు చేరిన తరువాత, వంచినచోట పరమాణువులు ఎదురు తిరుగుట మాని వరుసవెంట వరుసగా ఒరగుట మొదలిడును. అప్పటినుండి ఇంకను ఎంత వంచినను బలము ఇంచుమించు పెరుగదు. చేయి వదలినప్పుడు అవి ఒక్కొక్క వరుసగా నిటారగుచు, అదేవిధముగా చాలదూరమువరకు మారని బలముతో వెనుకకు నెట్టును. ఈ గుణమునకు అతిస్థితిస్థాపకత అని పేరు. ఇట్టి తీగె నూటికి 8 పాళ్ళవరకు సాగియు తిరిగి మొదటి కొలతకు రాగలదు.

గోదావరి డెల్టావారికి ఈ సంగతి చిటికెలో బోధపడును. ధవళేశ్వరము వద్ద కాటన్ బ్యారేజినుండి మన కాలువలలోనికి నీరు వదలు తూములను చూచియుందురు. నదిలో నీటిమట్టము మూడవ ప్రమాద హెచ్చరికయగు 17.75 అడుగులకు ఎక్కినను, ఆ వరదంతయు కాలువలోనికి రాదు. తలుపులు ఎంత ఎత్తిన అంత నీరే వచ్చును. వరద తగ్గిన తరువాతను కాలువ చాలనాళ్ళు అదే మట్టమున పారుచుండును. చేనికి కావలసినది ఆ నిలకడయేగాని నదియొక్క ఉధృతి కాదు. వంకరపంటికి కట్టిన ఈ తీగె అట్టి తూమువంటిది. పన్ను మూడు మిల్లీమీటర్లు దూరముగా నున్నను, రెండు మిల్లీమీటర్లు నడచి దగ్గరకు వచ్చినను, దానికి అందు బలము ఇంచుమించు ఒక్కటియే. స్టీలుతీగె తలుపులు లేని కాలువవంటిది. మొదటిదినమున గండి, తరువాత ఎండు.

ఇంకొక విశేషము కలదు. ఈ తీగెను వంచుటకు మేము పెట్టు బలముకంటె, అది తిరిగివచ్చునప్పుడు పంటికిచ్చు బలము తక్కువ. మధ్యనున్న తేడా లోపలి వరుసల రాపిడిలో వేడియై పోవును. కట్టునప్పుడు మా వ్రేళ్ళకు తీగె బిరుసుగా తోచినను, పంటికి మాత్రము మెత్తగానే తగులును. అందుచేత కట్టిననాటి బిగువును చూచి తీగె ఎంత పనిచేయునో అంచనా వేయుట పొరపాటు. కొద్దిపాటి వంపునకు ఈ సద్గుణము పూర్తిగా బయటపడదనియు చెప్పవలెను. హద్దు దాటునంత వంగినప్పుడే తీగె తన నిలకడను చూపును.

ఈ లోహమును దంతవైద్యమునకు తెచ్చినవాడు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన జార్జి ఆండ్రియాసెన్. 1971లో ఆయన దీనినిగూర్చి ప్రకటించెను. ఆ దశకములోనే తీగెలు అంగళ్ళకు వచ్చినవి. అయితే తొలినాటి తీగెలు తయారీలో గట్టిగా లాగబడినవగుటచే స్టీలుకంటె మెత్తనివే గాని, నేను చెప్పిన తూముగుణము వాటిలో లేదు. ఆ గుణము గల చైనాదేశపు తీగెను 1985లో చార్లెస్ బర్‌స్టోన్, జపానుదేశపు తీగెను 1986లో మియూరా, వారివారి సహచరులతో కలిసి వర్ణించిరి. 1990 దశకమున కొద్దిగా రాగి కలిపిన తీగెలు వచ్చినవి. 27, 35, 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పూర్తిగా నిటారు స్థితికి వచ్చునట్లు వాటిని వేరువేరుగా తయారుచేసిరి. నికెలు పాలు నూటికి పదవవంతు మారినను ఆ ఉష్ణోగ్రత పది డిగ్రీల ప్రాంతము మారిపోవునన్నచో, ఈ తీగెను కరగించి పోయువారి పని ఎంత సున్నితమో ఊహింపవచ్చును.

ఉష్ణోగ్రతతో తీగెకు ఇంత చుట్టరికముండుటచేత నోటిలోని వేడి, చలువలు కూడ లెక్కకు వచ్చును. ఐసునీరు త్రాగినప్పుడు తీగె కొంతసేపు మెత్తబడును. పొగలుగ్రక్కు కాఫీ త్రాగినప్పుడు బిరుసెక్కును. నొప్పిగా నున్నప్పుడు చల్లనినీరు పుక్కిలించిన పిల్లలకు హాయిగా తోచుటకు ఇదియు ఒక కారణము. కొన్ని తీగెలను మేము ముందుగా చల్లబరచి, మెత్తగా నున్నప్పుడే కట్టుదుము. నోటివెచ్చదనమునకు అవి మేల్కొని పని మొదలిడును. పని త్వరగా కావలెనని వేడినీరు పుక్కిలించుచు కూర్చుండుట మాత్రము వృథా. త్వరపెట్టవలసినది తీగె కాదు. ఎముక తన వేగముననే నడచును.

ఇంతవరకు తీగె గుణములే చెప్పితిని. ఇక దాని దోషములలోనికి వచ్చెదను. వెనుకటి మాట ఒకటి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట ఒక విద్యార్థి నావద్దకు వచ్చెను. ఈ అమ్మాయికివలెనే అతనికిని కోరపన్ను ఎత్తున మొలిచినది. వరుసలోని పండ్లన్నింటికి బ్రాకెట్లు అంటించి, 0.014 అంగుళముల మందము గల నికెలు టైటానియము తీగెను అన్నిటిగుండా పోనిచ్చి, ఎత్తుననున్న కోరపంటికి కూడ కట్టితిని. "ఇక ఈ తీగె తన పని తాను చేసికొనును" అని ధైర్యముకూడ చెప్పితిని. అతడు చదువునకై పైయూరు వెళ్ళి ఏడునెలలు తిరిగి రాలేదు. నొప్పి లేకపోవుటచే రావలసిన అవసరమున్నదని అతనికి తోచలేదు.

ఏడునెలల తరువాత చూడగా కోరపన్ను చక్కగా క్రిందికి దిగినది. కాని దాని ఇరుప్రక్కలనున్న పండ్లు పైకి పోయినవి. తీగె ఒక పంటిని క్రిందికి లాగవలెనన్న, ఆ బలమునకు ఆధారముగా ప్రక్కపండ్లను పైకి నెట్టవలెను. చర్యకు ప్రతిచర్య సమానమని బడిలో చదివినదే ఇది. ఆ ప్రక్కన పైపండ్లును క్రిందిపండ్లును కలియక మధ్య సందు ఏర్పడినది. "ఇటుపక్క ఇడ్లీముక్క కూడా తెగటం లేదండి" అని అతడు చెప్పినప్పుడు నాకు సిగ్గు కలిగినది. స్టీలుతీగె అయినచో కొద్దికాలమునకే బలముడిగి ఊరకుండెడిది. నికెలు టైటానియము తీగె అలసట ఎరుగనిది. అది మంచి చేయునప్పుడును అలయదు, చెడు చేయునప్పుడును అలయదు. దానికి జ్ఞాపకమున్నది తన ఆకృతియేగాని, పిల్లవాని నోరు కాదు. ఆ సందును పూడ్చుటకు మరి పదినెలలు పట్టినది. తప్పు అతనిదే యని నేను చెప్పలేను. తీగె తన పని తాను చేసికొనునన్న మాట నాది.

ఆ అనుభవము చేతనే ఈ అమ్మాయికి వేరొక పద్ధతిని అవలంబించితిని. ఇది నేను కనిపెట్టినది కాదు, మా వైద్యములో తెలిసినదే. ముందుగా కోరపంటిని విడిచి మిగిలిన పండ్లను సరిచేసి, దానికి కావలసిన చోటు ఏర్పరచితిని. తరువాత ఆ పండ్లన్నిటికి మందపాటి స్టీలుతీగెను కట్టితిని. అది వంగదు. అది కాలువగట్టువంటిది. దానిపైన సన్నని నికెలు టైటానియము తీగెనొకదానిని చేర్చి కోరపంటికి కట్టితిని. ఇది కాలువనీరువంటిది. మెత్తని తీగె పంటిని మెల్లగా దింపుచుండును. బిరుసుతీగె ప్రక్కపండ్లను చెదరనీయక పట్టియుంచును. క్రొత్తలోహము వచ్చినదని పాతదానిని పారవేయలేదు. రెండింటి స్వభావములను ఎరిగి రెండింటిచేత పని చేయించుకొనవలెను. చికిత్స చివర పండ్లను కొంచెము త్రిప్పి, ఒరపి, తీర్చిదిద్దుటకు కూడ స్టీలే కావలెను. ఏలయన మేము చేతితో వంచిన వంపు స్టీలులో నిలుచునుగాని, తన ఆకృతిని మరువని తీగెలో నిలువదు.

క్లిప్పులు పెట్టుకొన్న పిల్లలున్న ఇండ్లవారికి కొన్ని మాటలు చెప్పెదను. నొప్పి లేదని వైద్యునివద్దకు పోవుట మానవద్దు. చెప్పిన తేదీకి తప్పక వెళ్ళుడు. ఊరు మారవలసివచ్చినచో ముందుగా చెప్పినయెడల తీగెను మార్చియో, తొలగించియో పంపుదురు. బ్రాకెట్టు ఊడినచో అదే పోనిమ్మని ఊరకుండవద్దు. ఒక పంటినుండి తీగె విడివడినచో తక్కిన పండ్లమీద బలము దారితప్పును. చెరకుగడను పండ్లతో చీల్చుట, తేగలు కొరికి నమలుట, గట్టి జంతికలు విరుచుట క్లిప్పులున్నంతకాలము మానవలెను. ఆత్రేయపురపు పూతరేకులకు అడ్డు లేదు గాని, తిన్నవెంటనే బ్రష్షుతో బ్రాకెట్లచుట్టు శుభ్రము చేసికొనవలెను. కృత్రిమ నగలు పెట్టుకొన్నచోట దద్దురులు లేచు స్వభావము గలవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పుట మంచిది. తీగెలో నికెలు ఉన్నది. దానిని టైటానియము ఆక్సైడు పొర కప్పియుంచుటచే సామాన్యముగా ఇబ్బంది లేకపోయినను, నికెలు పడనివారికి వేరు తీగెలు కలవు.

కడపట మరువరానిది ఒకటి కలదు. జ్ఞాపకము తీగెకే కాదు, పంటికిని కొంత కలదు. చిగురులోని నారలు సాగి యుండి, తీగె తీసిన పిమ్మట పంటిని పాతచోటికి లాగజూచును. క్రొత్త ఎముక గట్టిపడుటకును కాలము కావలెను. క్రొత్తగా పోసిన గట్టు గట్టిపడకముందే నిండుకాలువ వదలినచో నిలుచునా? అందుచేతనే క్లిప్పులు తీసిన తరువాత రిటైనరు పెట్టుకొనుమని చెప్పుదురు. రెండేండ్లు ఓపికపట్టినవారు రిటైనరును పెట్టెలో పెట్టి మరచిపోయి, ఏడాది తిరుగకముందే మరల వచ్చుట నేను ఎరుగుదును.

మాఘమాసము వచ్చినది, పోయినది. ఆ అమ్మాయికి క్లిప్పులు ఇంకను ఉన్నవి. గట్టిగా బిగింపుమని ఆ తల్లి మరల అడుగలేదు. మొన్న వచ్చినప్పుడు కూతురి నోరు తానే తెరచి చూచి, "సగం దిగిందండి" అన్నది. పిల్ల నవ్వినది. చేయి అలవాటుగా నోటిదాక లేచి, అక్కడ ఆగి, మరల ఒడిలోనికి వచ్చినది. పన్ను ఇంకను రెండు మిల్లీమీటర్లు దిగవలసి యున్నది. రమారమి రెండు నెలల పని.